ఏ నిర్ణయానికి ఎవరి సంతకం? మేధో వైకల్యం ఉన్న వారసుడి వాటాపై ఒక కేస్ స్టడీ

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఒకరు విల్లు రాయకుండా చనిపోయారు. భార్యకు 58 ఏళ్లు, పెళ్లయిన కూతురికి 31, కొడుక్కి 27. కొడుక్కి చిన్నప్పటి నుంచీ మేధో వైకల్యం ఉంది. ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రమైన సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం అని రాశారు. అతను తల్లితోనే ఉంటాడు. ఆస్తి రెండు రకాలు. తండ్రి స్వార్జితంతో కట్టిన మేడ ఇల్లు ఇప్పటి ధరకు 60 లక్షల రూపాయలు చేస్తుంది. బ్యాంకులో 18 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లున్నాయి, వాటికి నామినీ భార్య. గుర్తు పట్టే వీల్లేకుండా వివరాలు మార్చాం. ఇలాంటి కుటుంబాల్లో తరచూ ఎదురయ్యే చిక్కులు ఒకేచోట కనిపించేలా కేసును కూర్చాం.

కుటుంబం మూడు కోరికలతో వచ్చింది. బ్యాంకు అడిగింది కాబట్టి ‘లీగల్ గార్డియన్ సర్టిఫికెట్’ కావాలి. ఇల్లు అమ్మి తన భాగం ఇప్పించమని కూతురు అడుగుతోంది. ఇక చిన్నాన్న సలహా: అబ్బాయి చేత హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేయిస్తే ఇల్లు వదిన పేరు మీదికి వస్తుంది, 50 లక్షలకు తానే కొంటాడు.

ఈ మూడూ కలిపి ఒకే పరిష్కారం అడుగుతున్నారు: తల్లిని గార్డియన్ చేసేస్తే అన్నీ ఆవిడే సంతకం పెట్టేస్తుంది. సరిగ్గా అక్కడే కేసు చెడిపోతుంది. అబ్బాయి ఎలాంటి మనిషి అన్న ప్రశ్నకు చట్టంలో జవాబు వెతకకూడదు. ఏ నిర్ణయం, ఎప్పుడు, ఎవరి సాయంతో అన్నదే అడగాలి. ఒక్కో నిర్ణయానికి జవాబు ఒక్కోలా వస్తుంది.

చట్టం ఎక్కడ నిలబడి ఉంది

18 నిండగానే తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం ముగుస్తుంది. వైకల్యం ఎంత ఉన్నా ఇందులో మార్పు లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకే వర్తిస్తుంది. అంటే ఈ తల్లి తొమ్మిదేళ్లుగా కొడుకు తరఫున పెడుతున్న సంతకాలకు చట్టం బలం లేదు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అంతే.

పెద్దవాళ్ల విషయంలో మూడు దారులున్నాయి, మూడింటినీ కలిపేయకూడదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి జిల్లా స్థాయిలో లోకల్ లెవెల్ కమిటీ ద్వారా గార్డియన్‌ను ఇస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 14వ సెక్షన్ పరిమిత సంరక్షకత్వం అనే ఏర్పాటు తెచ్చింది. దాన్ని ఇచ్చేది జిల్లా కోర్టు, లేదా రాష్ట్రం నోటిఫై చేసిన అధికారి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మానసిక అనారోగ్యానికి చికిత్స గురించిన నిర్ణయాలకే పరిమితం. మేధో వైకల్యం దాని నిర్వచనంలోకే రాదు కాబట్టి ఈ కేసులో అది పక్కకు పోతుంది.

2016 చట్టం 13వ సెక్షన్ ముందు మాటే గట్టిగా చెప్తుంది: వికలాంగులకు అందరితో సమానంగా ఆస్తి పొందే, ఆస్తి కలిగి ఉండే, డబ్బు వ్యవహారాలు నడుపుకునే హక్కు ఉంది. 14వ సెక్షన్ దాని తరువాతే. తగిన సాయం అందించాక కూడా చట్టబద్ధమైన నిర్ణయం తీసుకోలేని పరిస్థితి ఉంటేనే, ఆ నిర్ణయానికి, ఆ కాలానికి, ఆ వ్యక్తిని సంప్రదిస్తూ, అతని ఇష్టం ప్రకారం నడిచే గార్డియన్‌ను నియమిస్తారు. వేరే చట్టాల కింద నియమించిన గార్డియన్లు కూడా ఇక నుంచి పరిమిత గార్డియన్ల లాగే పనిచేయాలని అదే సెక్షన్ రెండో ఉపవిభాగం అంటుంది. లోకల్ లెవెల్ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని ‘అబ్బాయిని అడగక్కర్లేదు’ అనేవాళ్లకు ఈ ఉపవిభాగమే జవాబు.

వారసత్వం సంగతి సూటిగానే ఉంది. హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ప్రకారం జబ్బు, వైకల్యం వల్ల ఎవరూ వారసత్వం కోల్పోరు. నాయనమ్మ ముందే చనిపోయింది. కాబట్టి భార్య, కూతురు, కొడుకు ముగ్గురికీ మూడో వంతు చొప్పున వస్తుంది. నామినీ పేరుందని డిపాజిట్లు తల్లివైపోవు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమేనని, వారసుల హక్కు అలాగే ఉంటుందని సుప్రీంకోర్టు 2010లోనే బ్యాంకు డిపాజిట్ల విషయంలో చెప్పింది. కొడుకు వాటా: ఇంట్లో 20 లక్షలు, డిపాజిట్లలో 6 లక్షలు.

వేలిముద్ర ఎందుకు వద్దన్నాం

కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చూసేది రోగం పేరును కాదు, ఆ ఒప్పందం చేసే సమయంలో దాన్ని అర్థం చేసుకుని తన మేలుకీ కీడుకీ ఏమవుతుందో తేల్చుకోగలడా అన్నది. ఇంట్లో 20 లక్షల హక్కు ఏమీ తీసుకోకుండా వదులుకుంటున్న కాగితం అతనికి అర్థం కాలేదంటే ఆ దస్తావేజు మొదటి నుంచీ చెల్లదు. రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం రాసిచ్చే వ్యక్తి మతిస్థిమితం లేనివాడిలా కనిపిస్తే సబ్‌రిజిస్ట్రార్ నిరాకరించాలి. ఆయన గమనించకుండా రిజిస్టరైపోయినా, తరువాత కొనేవాళ్ల బ్యాంకు లాయరు సదరం సర్టిఫికెట్ చూడగానే టైటిల్ తిప్పికొడతాడు. ఇల్లు అటూ ఇటూ కాకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇందులో కుటుంబానికి మోసం చేసే ఉద్దేశం లేదు, తొందర ఉంది. కానీ నష్టం మాత్రం ఒకటే.

అతనితో మాట్లాడడం

కేసులో బరువైన పని ఇదే. చాలా ఫైళ్లలో దీనికి పది నిమిషాలు కూడా ఇవ్వరు. 75 శాతం అన్న అంకె సంక్షేమ పథకాలకు కొలత. ఇంటి వాటా గురించి అతనేం అర్థం చేసుకోగలడో అది చెప్పదు.

రెండుసార్లు, వేర్వేరు రోజుల్లో, పొద్దుటిపూట మాట్లాడాలి. మధ్యాహ్నం మందులు వేసుకునేవాళ్లకు ఆ తరువాత మత్తు ఉండొచ్చు. మొదటి పావుగంట తల్లిని పక్కన కూర్చోనిచ్చి, తరువాత బయటికి పంపాలి. ఆపైన ఆస్తిలో భాగం ఉన్నవాళ్లెవరూ గదిలో ఉండకూడదు. 27 ఏళ్ల మనిషి కాబట్టి ‘మీరు’ అనే పలకరించాలి, ప్రశ్న అతన్నే అడగాలి. తల్లి వైపు చూసి ‘వాడికేం తెలుస్తుంది?’ అని అడిగితే ఆ కూర్చోవడం వృథా.

అవును, కాదు అని తేలే ప్రశ్నలు ప్రమాదం. మేధో వైకల్యం ఉన్నవాళ్లు తరచూ ఎదుటివాళ్లను సంతోషపెట్టడానికి ‘అవును’ అంటారు. అందుకే ప్రతి ముఖ్యమైన ప్రశ్ననూ కొంతసేపటికి తిరగేసి అడగాలి. ‘ఈ ఇల్లు అమ్మేస్తే మీకిష్టమేనా?’ అన్నదానికీ, ‘ఈ ఇల్లు ఉంచుకుంటే మీకిష్టమేనా?’ అన్నదానికీ ‘అవును’ వస్తే, అతనికి సామర్థ్యం లేదని రాయకూడదు. ప్రశ్న పనిచేయలేదని రాయాలి. అప్పుడు బొమ్మలకు మారాలి. మేడ ఫొటో, మరో ఊళ్లో అక్క ఉండే అపార్ట్‌మెంట్ ఫొటో, హాస్టల్ ఫొటో బల్ల మీద పెట్టి ‘మీరు ఎక్కడ పడుకుంటారు? అమ్మ ఎక్కడ?’ అనాలి. చివర్లో ‘ఇప్పుడు నేను చెప్పింది మీరు నాకు చెప్పండి’ అని అడిగి, అతని మాటలు అతను పలికినట్టే రాసుకోవాలి. సవరించకూడదు.

ఈ కేసులో తేలిందిది. 500 రూపాయల లోపు కొనుగోళ్లు, చిల్లర లెక్క అతనే చూసుకుంటాడు. వెయ్యి దాటితే అంకె పట్టు తప్పుతుంది. పంటి వైద్యం, రక్త పరీక్షలాంటివి చెప్తే అర్థం చేసుకుని ఒప్పుకోవడమో, వద్దనడమో చేస్తాడు. ఆపరేషన్ లాంటిదైతే బొమ్మలతో, రెండుసార్లు చెప్పాలి. డిపాజిట్ వడ్డీ, కాలపరిమితి ఎంత సాయం చేసినా అందలేదు. వాటా అన్న భావన సగం అందింది: ‘నాన్న ఇల్లు. నాది కూడా’ అన్నాడు, ధర పోల్చలేకపోయాడు. కానీ ఎక్కడ ఉండాలన్నది రెండు రోజులూ ఒకేలా చెప్పాడు: ‘నా గది మేడ మీద. అమ్మ కింద.’

ఆ చివరి మాట కేసు దిశను మార్చేసింది. ధర లెక్కించలేకపోయినా ఉండే చోటు గురించి అతనికి స్పష్టమైన, నిలకడైన ఇష్టం ఉంది. 14వ సెక్షన్ గార్డియన్ దాని ప్రకారమే నడవాలి. అమ్మకం అన్న మాట అక్కడితో వెనక్కి పోయింది.

లోకల్ లెవెల్ కమిటీ దరఖాస్తు

కమిటీలో జిల్లా కలెక్టర్ స్థాయి అధికారి, నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలని చట్టం. సమావేశం తేదీ ముందే కనుక్కోకపోతే ఒక్క కాగితం తక్కువైనందుకు ఇంకో మూడు నెలలు పోతాయి. ఫారం ‘ఎ’తో పాటు సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు, వయసు రుజువు, ఇద్దరి ఆధార్, తండ్రి మరణ ధ్రువపత్రం, నివాస రుజువు, ఫొటోలు, అక్క రాసిచ్చిన సమ్మతి జతచేశాం. తల్లి లేదా తండ్రి ఉండగా వాళ్లే దరఖాస్తు చేయాలి, ఒంటరిగా చేస్తే కారణం చూపాలి. గార్డియన్ భారత పౌరుడై ఉండాలి, దివాలా తీసి ఉండకూడదు, నేరశిక్ష పడి ఉండకూడదు. వైకల్యం ఉన్నది ఆడపిల్లయితే ఒంటరి మగవాడిని గార్డియన్‌గా వేయరు.

చాలామంది ఒక్క ముక్కలో ముగించే గడి ఒకటుంది: గార్డియన్ దేనికోసం? నేషనల్ ట్రస్ట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం గార్డియన్ అవసరమా అన్నదీ, ఏ పనులకు అన్నదీ రెండూ కమిటీ తేల్చాలి. ‘అన్ని వ్యవహారాలకు’ అని రాస్తే అదే వస్తుంది, తరువాత తగ్గించడం కష్టం. మేం నాలుగే రాశాం: బ్యాంకు ఖాతా, డిపాజిట్లు నడపడం; పెన్షన్, సంక్షేమ పథకాల కాగితాలు; ఆపరేషన్ స్థాయి వైద్యంలో అతనితో కలిసి సమ్మతి; ఆరోగ్య బీమా. చిల్లర ఖర్చు, పంటి వైద్యం, ఎవరితో మాట్లాడాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నవి గార్డియన్ పరిధిలో లేవని వేరుగా రాయించాం. కమిటీ సర్టిఫికెట్ ఆధారంగా ఖాతా తెరవొచ్చని రిజర్వ్ బ్యాంక్ ఆదేశాలున్నాయి. బ్రాంచిలో తెలియదంటే ఆ సర్క్యులర్ ప్రతి పట్టుకెళ్లాలి.

ఏ గార్డియన్‌కీ రాని అధికారం కూడా ఒకటుంది. పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ అతని స్వేచ్ఛాయుత సమ్మతి లేకుండా చేయకూడదని 2016 చట్టం 10వ సెక్షన్ చెప్తుంది. గర్భం ఉంచుకోవడంలో మేధో వైకల్యం ఉన్న మహిళ నిర్ణయమే చెల్లుతుందని 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ మాట మొదటి సమావేశంలోనే చెప్పాలి.

ఇంటి వాటాకు తల్లి ఎందుకు పనికిరాదు

తల్లి ప్రేమలో లోపమేమీ లేదు. ఆవిడా అదే ఇంట్లో వాటాదారు, అదే అడ్డు. 2016 చట్టం 13వ సెక్షన్ మూడో ఉపవిభాగం ఒక లావాదేవీలో సాయం చేసే వ్యక్తికీ సాయం పొందే వ్యక్తికీ ప్రయోజనాలు ఢీకొంటే ఆ లావాదేవీకి సాయం చేయకూడదని చెప్తుంది. రక్తసంబంధం ఒక్కటే ఢీకొనడానికి గుర్తు కాదని అదే ఉపవిభాగానికి చేర్చిన షరతు (ప్రొవైసో) అంటుంది. కాబట్టి బంధువులందరినీ అనుమానించక్కర్లేదు, లావాదేవీలో చెయ్యి ఉన్నవాళ్లను పక్కన పెడితే చాలు. తల్లి, అక్క వాటాదార్లు. చిన్నాన్న కొనాలనుకుంటున్నాడు. అందుకే ఆ ముగ్గురినీ తప్పించి, ఆస్తిలో ఏ భాగమూ లేని మేనత్తను ఎంచుకున్నాం. అతను మేనత్త ఇంటికి తరచూ వెళ్తాడు, ఆవిడ ముందు జంకు లేకుండా మాట్లాడతాడు.

నేషనల్ ట్రస్ట్ చట్టంలో స్థిరాస్తి అమ్మే అధికారం గురించి సూటి మాట లేదు. అందుకే ఇంటి సంగతి కమిటీ సర్టిఫికెట్ మీద నడపకుండా 2016 చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు వెళ్లాలి. పిటిషన్‌లో మూడు విషయాలు లేకపోతే తిరిగొస్తుంది, లేదా అక్కర్లేనంత పెద్ద ఆదేశం వస్తుంది. ఒకటి, ఇంతవరకు ఏ సాయం చేసి చూశారు, ఎక్కడ ఆగింది. పైన చెప్పిన రెండు సమావేశాల నోట్లు ఇందుకే. రెండు, ఏ ఒక్క నిర్ణయానికి అడుగుతున్నారు. మూడు, ఎంత కాలానికి. మేం ఆరు నెలలు అడిగాం.

‘మతిస్థిమితం లేనివాడిగా ప్రకటించండి’ అన్న పాత నమూనా వాక్యం పిటిషన్‌లో పెట్టనే కూడదు. పాత మూసలు కాపీ చేసే చోట ఇది తప్పకుండా దూరుతుంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ ప్రకారం కోర్టు అలా ప్రకటిస్తే ఓటరు జాబితాలో పేరు ఉండదు. ఆస్తి కాగితం కోసం వెళ్లి ఓటు పోగొట్టుకున్నట్టవుతుంది. ఈ అబ్బాయి తల్లితో వెళ్లి ఓటు వేస్తాడు, గుర్తు తనే ఎంచుకుంటాడు.

ఖర్చు భయంతో కోర్టు మానేవాళ్లకు: వైకల్యం ఉన్నవారికి, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి.

లెక్క

అక్కకు డబ్బు కావాలి, తమ్ముడికి ఇల్లు కావాలి. మొత్తం 78 లక్షలు, ఒక్కొక్కరికి 26. డిపాజిట్ల 18 లక్షలూ అక్కకు ఇచ్చి, మిగిలిన 8 లక్షలు తల్లి తన సొంత పొదుపు నుంచి ఇచ్చింది. అక్క ఇంట్లో వాటా వదులుకుంది, ఆవిడ వదులుకోవడానికి అడ్డేం లేదు. ఇంటి 60 లక్షల్లో కొడుక్కి 26, తల్లికి 34. దస్తావేజులో రూపాయల్లో కాకుండా 60లో 26 భాగాలు, 60లో 34 భాగాలు అని రాయించాం. రేపు ధర పెరిగితే అతని భాగమూ పెరగాలి కదా.

మేనత్త ఒక అభ్యంతరం పెట్టింది, సరైనదే: అతని ఆస్తి అంతా గోడల్లోకి వెళ్లిపోతుంది, చేతిలో నగదు ఉండదు. ఆ మాట మీద తల్లి 3 లక్షలు కొడుకు పేరిట డిపాజిట్ చేసింది. కోర్టు ఆదేశంలో షరతులు ఇలా కోరాం: అతని వాటా విలువ 26 లక్షలకు తగ్గకూడదు, మేడ మీద గదిలో ఉండే హక్కు దస్తావేజులో రాయాలి, 3 లక్షల డిపాజిట్ కోర్టు అనుమతి లేకుండా ముందే విరిచేయకూడదు, పని పూర్తయ్యాక మేనత్త ఒక నివేదిక ఇవ్వాలి. పంపకం దస్తావేజు మీద మేనత్త సంతకంతో పాటు అతని సంతకం కూడా ఉండాలి. పరిమిత సంరక్షకత్వం అంటే ఉమ్మడి నిర్ణయమని చట్టం వివరణే చెప్తోంది. అతనికి తన పేరు రాయడం వచ్చు, వేలిముద్ర అడగక్కర్లేదు.

ఇది డిమెన్షియా అయ్యుంటే

ఇదే ప్రశ్నతో వయసుపైబడిన తల్లిదండ్రుల ఫైళ్లూ వస్తాయి. దారి వేరు. నేషనల్ ట్రస్ట్ చట్టం డిమెన్షియాకు వర్తించదు. ‘అప్పుడే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకున్నాం’ అంటారు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం ముగుస్తుంది. సరిగ్గా అవసరమైన రోజునే కాగితం పనికిరాకుండా పోతుంది. 1987 మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తికి మేనేజర్‌ను నియమించే అధ్యాయం ఉండేది, 2017 చట్టం దాన్ని తీసేసి బదులు ఏదీ పెట్టలేదు. కోమాలో ఉన్నవారి కోసం కుటుంబాలు రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద హైకోర్టుకు వెళ్తున్నాయి. 2019లో కేరళ హైకోర్టు శోభా గోపాలకృష్ణన్ కేసులో దీనికి మార్గదర్శకాలు రాసింది. మతి ఇంకా నిలకడగా ఉన్నప్పుడే విల్లు, ఉమ్మడి ఖాతాలు సరిచేసుకోవడం ఒక్కటే తేలికైన పని.

నియామకం తరువాత

సర్టిఫికెట్ రాగానే పని అయిపోయిందనుకుంటారు. నేషనల్ ట్రస్ట్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల్లో అతని స్థిర, చర ఆస్తుల జాబితా, అప్పులు, రావలసినవి కమిటీకి ఇవ్వాలి. ఆ తరువాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా, అంటే జూన్ 30 లోపు జమా ఖర్చుల లెక్క ఇవ్వాలి. తేదీ, వచ్చింది, ఖర్చయింది, రసీదు నంబరు అని నాలుగు గళ్ల నోటుబుక్కు చాలు. ఇంటి ఖర్చునీ అతని ఖర్చునీ ఒకే ఖాతాలో కలిపితేనే లెక్క తెగదు. డబ్బు దుర్వినియోగం, నిర్లక్ష్యం కనిపిస్తే బంధువులెవరైనా, నమోదైన సంస్థ అయినా 17వ సెక్షన్ కింద గార్డియన్‌ను తొలగించమని కమిటీని అడగొచ్చు. ఈ సంగతి అక్కకూ మేనత్తకూ రాసి ఇచ్చాం.

ఫ్యామిలీ పెన్షన్ ఇప్పుడు తల్లికి వస్తోంది. ఆవిడ తరువాత, సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుక్కి జీవితాంతం వస్తుంది. తల్లి బతికుండగానే అతని పేరు పెన్షన్ ఉత్తర్వులో చేర్పించాలి, వైకల్యం సంపాదనకు అడ్డమని స్పష్టంగా రాసిన వైద్య ధ్రువపత్రం జతచేయాలి. పెన్షన్ అందుకునేందుకు గార్డియన్ పేరు నామినేట్ చేసే వీలు కూడా తల్లికుంది. ఆవిడ కూతురి పేరు ఇచ్చింది.

తల్లి విల్లు వేరే పని. తన 34 భాగాలూ నేరుగా కొడుకు పేరు మీద కాకుండా, 1882 నాటి ట్రస్టుల చట్టం కింద అతని కోసం ఏర్పరిచే ప్రైవేటు ట్రస్టుకు రాసింది. ట్రస్టీలు అక్క, ఇంకొకరు బయటి వ్యక్తి. సాక్షులు ఇద్దరూ ఆస్తి అందుకునేవాళ్లు కారు. తన తరువాత కూతురే గార్డియన్ కావాలని ఆవిడ విల్లులో రాసుకుంది, రాయనిచ్చాం. కానీ పెద్దవాళ్లకు విల్లు ద్వారా గార్డియన్ నియామకం చెల్లదు, అది కోరిక మాత్రమే. తల్లి చనిపోయిన వారంలోనే కూతురు కమిటీకి కొత్త ఫారం ‘ఎ’ ఇవ్వాలి, పెన్షన్ కార్యాలయానికి మరణ ధ్రువపత్రం పంపాలి, తమ్ముడి ఖాతా ఆగకుండా బ్యాంకుకు దరఖాస్తు నకలు ఇవ్వాలి. ఈ మూడింటికీ కావలసిన కాగితాల నకళ్లు ఒకే కవర్లో పెట్టి, మేడ మీద గది బీరువాలో ఒకటి, మేనత్త ఇంట్లో ఒకటి ఉంచారు.